సున్నాగారి నెలాఖరు

ఏడో ఫైలు మీద కూడా ముద్ర పడింది: "వివరణ కోరుతూ తిరిగి పంపడమైనది." ఆయన ఫైలు తెరవలేదు. అట్టకు తగిలించిన చీటీ మీద "పాఠ్యప్రణాళిక నకలు జతపరచగలరు" అని చేతికి అలవాటైన వాక్యం రాసి, అంచులు సరిచేసి, ఎడమవైపు దొంతరలో పెట్టాడు. నెలలో అది చివరి పనిదినం. సాయంత్రం ఐదింటికల్లా పెండింగు లెక్క పైకి వెళ్లాలి.

దేశంలోని పెద్ద చదువుల వ్యవహారమంతా చూసుకునే మంత్రిత్వ శాఖలో, మూడో అంతస్తు చివరి గది ఆయనది. బయటి దేశాల్లో చదువుకుని వచ్చినవాళ్ల పట్టా ఇక్కడి పట్టాతో సమానమేనా కాదా అన్నది ఆ గది తేల్చాలి. తేల్చకుండా ఉంచితే ఫైలు పెండింగు కింద లెక్క. ఏదో ఒకటి అడుగుతూ చీటీ పంపి, ఫైలు బీరువాలో పెట్టేస్తే మాత్రం కాదు; ఆలస్యం దరఖాస్తు పెట్టుకున్నవాళ్లదే అవుతుంది. జవాబు వచ్చిన రోజు నుంచి లెక్క మళ్లీ ఒకటితో మొదలు. ఈ కిటుకు ఆయన కనిపెట్టింది కాదుగానీ, ఆయనంత శ్రద్ధగా పాటించినవాడు ఆ భవనంలో లేడు. ఇరవై ఆరేళ్లుగా నెలాఖరున ఆయన పెండింగు సున్నా. అందుకే అందరికీ సున్నాగారయ్యాడు. "మా ఆయన బల్ల మీద కాగితం ముక్క మిగలదు వదినా" అని భార్య చుట్టాలకు చెప్పుకుని మురిసిపోతుంది. అన్నట్టు, ఇంతమంది పట్టాలు తూచే ఈ పెద్దమనిషి డిగ్రీ మూడుసార్లు తప్పాడు. టైపిస్టుగా చేరి పైకొచ్చిన మనిషిని ఆ సంగతి అడిగిందెవరు?

పదకొండింటికి వరండా వైపున్న కౌంటరు కిటికీ దగ్గరకు ఒకాయన వచ్చాడు. అరవై ఏళ్లుంటాయి. గడ్డం మాసింది, చొక్కా మాత్రం ఇస్త్రీ మడత నలగలేదు.

"మా ఆవిడ ఫైలు సార్," అంటూ నంబరు చీటీ అందించాడు.

"జవాబు తెచ్చారా? ఆ పెట్టెలో వేసి వెళ్లండి."

"జవాబు కాదండీ. అసలు పట్టా మీ దగ్గరే ఉండిపోయింది. అదిచ్చేస్తే పట్టుకెళ్తా."

"అంటే, దరఖాస్తు వద్దనుకుంటున్నారా?"

"అలాగే అనుకోండి."

సున్నాగారికి ప్రాణం లేచొచ్చింది. నెలాఖరున ఒక ఫైలు తనంతట తానే వదిలిపోతానంటే అంతకన్నా ఏం కావాలి? బీరువాలోంచి తీశాడు. పట్టా అడుగున ఎక్కడో ఉంటుంది గనక ఈసారి తెరవక తప్పలేదు.

ముందు కనబడింది పాఠ్యప్రణాళిక. నలభై పేజీలు, దారంతో కుట్టి ఉన్నాయి. దాని కింద మళ్లీ అదే. దాని కింద ఇంకొకటి. పైనున్న ప్రతికి గుండ్రటి అక్షరాల చీటీ గుచ్చి ఉంది: "అయ్యా, మీరడిగినది మూడోసారి పంపుతున్నాను. ఇందులో ఏ పేజీ లోపించిందో చెబితే సరిచేసుకుంటాను. పద్దెనిమిదేళ్లుగా కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతున్నాను. నా పట్టా ఇక్కడి పట్టాతో సమానమేనని మీ ఉత్తరం లేనిదే ఉద్యోగం ఖాయం చెయ్యరట. నా చదువు దొంగదని తోటివాళ్లు అంటున్నారు."

ఆయన ముప్ఫయ్యారో పేజీ దాకా తిప్పాడు. నలభయ్యో పేజీ దాకా తిప్పాడు. ఏ పేజీ లోపించలేదు. తల తీసేసినట్టయింది ఆయనకు. కిటికీ అవతలి మనిషికి తన మొహం కనబడకుండా ఫైలు కాస్త పైకెత్తి పట్టుకున్నాడు.

"ఏం తక్కువైంది సార్?" అన్నాడాయన. గొంతులో తగాదా లేదు, తెలుసుకుందామని అంతే. "మా ఆవిడ రాత్రీ పగలూ అదే అడిగేది."

"రూల్సండీ... చాలా ఉంటాయి," అని సున్నాగారు నీళ్లు నమిలాడు. అన్నాక ఆ మాటకే ఇంకా సిగ్గేసింది. "కాస్త కూర్చోండి. పట్టాతో పాటు ఉత్తరం కూడా ఇచ్చేస్తాను."

"ఉత్తరం అక్కర్లేదండీ..."

"కూర్చోండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

ఒక్కొక్క పాఠం పక్కన వేలు పెట్టి ఇక్కడి పాఠాలతో సరిచూశాడు. తనే టైపు కొట్టాడు. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. ఉత్తరం పట్టుకుని సంతకానికి తన పై అధికారిణి గదికి వెళ్లాడు.

"ఏమిటి సున్నాగారూ, నెలాఖరున మంజూరా? సూర్యుడు పడమట పొడిచాడా?" అందామె, కలం మూత తీస్తూ.

"మూడుసార్లు పంపారు మేడం. మూడుసార్లూ నేను ఫైలు తెరవలేదు."

ఆమె చెయ్యి ఆగింది. ఒకసారి తలుపు వైపు చూసింది. "సరే లెండి. ఇలాంటివి పైకి అనకండి," అని సంతకం పెట్టేసింది. తప్పు ఒప్పుకుంటానన్నా వినే నాథుడు ఆ భవనంలో లేడు.

రెండున్నరకు ఆయనే వరండాలోకి వెళ్లి బెంచీ మీద ఆ పెద్దాయన పక్కన కూర్చున్నాడు. పట్టా, ఉత్తరం రెండూ చేతికిచ్చాడు.

"అమ్మగారితో చెప్పండి, ఆవిడ పంపినవన్నీ సరిగ్గానే ఉన్నాయని. ఏదీ తక్కువ కాలేదు. నేనే చూడలేదు, తప్పంతా నాది. రేపే కాలేజీలో ఇచ్చెయ్యమనండి."

ఆయన ఉత్తరం చదివాడు. మళ్లీ చదివాడు. తలెత్తి గోడ గడియారం చూశాడు.

"ఒక్క పూట పనా సార్ ఇది?"

సున్నాగారు తల వంచుకున్నాడు.

"ఆవిడ పోయి ఇవాళ్టికి ఇరవై రోజులండీ. అమ్మ పట్టా గోడకి తగిలించుకుంటానంది మా అమ్మాయి. అందుకొచ్చా." పట్టాను జాగ్రత్తగా సంచిలో పెట్టుకుని లేచాడు. "అమ్మ చదువులో లోపమేం లేదటనీ, మీరు చూడలేదటనీ చెప్తా లెండి."

ఆయన మెల్లగా మెట్లు దిగిపోయాడు. సున్నాగారు తలొంచుకునే ఉన్నాడు. లోపల్నుంచి ఎవరో పెండింగు లెక్క కోసం పిలుస్తున్నారు. ఉత్తరాన్ని మాత్రం ఆ పెద్దాయన నాలుగు మడతలు పెట్టి, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా బెంచీ పలకల సందులో దోపి వెళ్లాడు.