పంతొమ్మిదో ఎక్కం

మా బడికి జిల్లాలో మొదటి స్థానం వచ్చిందని హెడ్మాస్టర్ నరసింహమూర్తి గారి ఫోన్‌కి మెసేజ్ వచ్చేసరికి, నేను నా సీసాలో నీళ్ళు గేటు పక్క మందారానికి పోస్తున్నాను. ఆ మొదటి స్థానం దేనికంటే, పిల్లల చేత నీళ్ళు బాగా తాగిస్తున్నందుకు.

మా బడిలో రోజుకి మూడుసార్లు వాటర్ బెల్ కొడతారు. కొట్టగానే అందరూ సీసాలెత్తి తాగాలి. అబ్బాయిలు తాగుతారు. అమ్మాయిలు మాత్రం సీసా పెదవులకి ఆనించి, గుటక వేసినట్టు గొంతు కదిపి, మూత పెట్టేస్తారు. సైన్సు టీచర్నే అయినా ఆ నటనలో నేనూ వాళ్ళకి తీసిపోను. తాగితే బాత్రూమ్‌కి వెళ్ళాలి కదా. అక్కడేమో నాలుగు తలుపులు, ఒక్కదానికీ లోపల గడియ లేదు. ఆడపిల్లలకీ, లేడీ టీచర్లకీ అవే దిక్కు.

మరీ తప్పనిసరైతే ఇద్దరిద్దరుగా వెళ్తారు. ఒకరు లోపల, ఇంకొకరు బయట తలుపు లాగి పట్టుకుని. లోపలున్న పిల్ల గట్టిగా ఎక్కం చదవాలి. ఎక్కం వినిపిస్తున్నంతసేపూ బయటి పిల్ల తలుపు వదలకూడదు. పంతొమ్మిదోది అయితే నిదానంగా నడుస్తుందని అందరూ దాన్నే ఎంచుకుంటారు. మా హెడ్మాస్టరు గారిది లెక్కల సబ్జెక్టు. వరండాలో వెళ్తూ అది విని ఆయన మురిసిపోయేవారు. మన ఆడపిల్లలు ఎక్కడికెళ్ళినా ఎక్కాలు మరిచిపోరని తల్లిదండ్రుల మీటింగులో కూడా చెప్పారు.

గడియల సంగతి నేనాయనకి రెండుసార్లు చెప్పాను. ఆ మాట ఎత్తగానే ఆయన మొహమాటపడిపోయి ఫ్యాను వైపు చూస్తారు. చూద్దామమ్మా అనేసి, సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడుగుతారు.

నాకు పెళ్ళయి నలభై రెండు రోజులు. తాళి కట్టిన రోజుతో కలిపి నలభై మూడని మా ఆయన వాదన. రోజూ పొద్దున్నే ఉదయభాస్కర్ గారు (పేరు రాయడానికి ఇంకా సిగ్గుగానే ఉంది) లీటరు సీసా నింపి, సబ్జా గింజలు వేసి, రబ్బరు బ్యాండుతో ఒక చీటీ చుట్టి ఇస్తారు. ‘ఇది ఖాళీ అయితేనే నేను గుర్తొచ్చినట్టు’ అని ఉంటుంది ఒకరోజు. ఇంకోరోజు ఉత్త బొమ్మే, మీసాలున్న చేప. ఈ నీళ్ళ సేవ ఎందుకంటే, పెళ్ళయిన మూడో వారంలోనే నాకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి చలిజ్వరం పట్టుకుంది. పగలంతా నీళ్ళు తాగకుండా ఉంటే మళ్ళీ వస్తుందనీ, ఈసారి కిడ్నీలకే పాకుతుందనీ రామచంద్రపురంలో డాక్టరమ్మ నన్ను కాదు, ఆయన్ని కోప్పడింది. చీటీలన్నీ బీరువాలో దాచుకున్నాను. నీళ్ళు మందారానికి పోస్తున్నాను. దానికేం, గంపెడు పూసింది. నాకే రెండు రోజులుగా మళ్ళీ మంట మొదలైంది.

ఎల్లుండి జిల్లా ఆఫీసర్లు బడి చూడ్డానికి వస్తారని హెడ్మాస్టరు గారు సంతోషంగా చెప్తుంటే నాకొక ఆలోచన వచ్చింది. రేపు ఒకసారి రిహార్సల్ వేద్దామండి అన్నాను. మీరు ముందు నిలబడి తాగితే పిల్లలు మిమ్మల్ని చూసి తాగుతారండి అని కూడా అన్నాను. ఆయనకి ఎంతో నచ్చింది. ఇంటికెళ్ళే ముందు మా ఆయా జ్ఞానమ్మతో ఐదు నిమిషాలు మాట్లాడాను. హెడ్మాస్టరు గారి గదికి ఆనుకుని ఉన్న బాత్రూమ్ తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటుంది.

మర్నాడు మొదటి బెల్‌కి ఆయన నిండు సీసా గటగటా తాగారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండో బెల్‌కి ఇంకో సీసా. భోజనంలో మజ్జిగ. మూడో బెల్‌కి, మా అత్తగారు పంపారండి అని రెండు కొబ్బరిబోండాలు కొట్టించి ఇచ్చాను. అబ్బాయిల బాత్రూమ్‌ల వైపు మా అటెండరు గంగరాజు అప్పుడే రంగులు వేసి, ఎవరూ వెళ్ళకుండా బల్ల అడ్డం పెట్టాడు.

మూడు దాటాక ఆయన వరండాలోకి కాస్త త్వరగా వచ్చారు. జ్ఞానమ్మ తాళంచెవి కోసం పూలకుండీల్లో వెతుకుతోంది. ఇక మిగిలింది ఆడపిల్లల వైపే. వరండాలో ఫ్యాను లేదు కాబట్టి ఆయన ఆకాశం వైపు చూశారు. ఆ పక్క గదే తొమ్మిదో తరగతి. నేను లోపల పాఠం చెప్తున్నాను. కిటికీలోంచి అంతా కనిపిస్తోంది, మాటలన్నీ వినిపిస్తున్నాయి.

“తలుపు నేను పట్టుకుంటానండి. తమరు ఎక్కం చదవాలండి” అంది జ్ఞానమ్మ.

“ఎక్కం ఎందుకు?”

“చదవకపోతే లోపలెవరూ లేరనుకుని లాగేస్తారండి. ఇక్కడ పద్ధతి అదేనండి.”

తలుపు కిర్రుమని మూసుకుంది. తర్వాత సన్నగా మొదలైంది. పంతొమ్మిది ఒకట్ల పంతొమ్మిది. పంతొమ్మిది రెళ్ళు ముప్పై ఎనిమిది. మొదటి బెంచీలో సహస్ర చున్నీ నోట్లో కుక్కుకుంది. నేను బోర్డు వైపు తిరిగి మూత్రపిండం బొమ్మ గీస్తూ నిలబడ్డాను. అది చిక్కుడుగింజలా కాకుండా గుమ్మడికాయలా వచ్చింది. పంతొమ్మిది ఏళ్ళు దగ్గర ఆయన గొంతు ఆగింది.

“నూట ముప్పై మూడండీ” అన్నారు అమ్మాయిలంతా ఒక్కసారే.

ఆ తర్వాత ఎక్కం వినిపించలేదు. బయటికొచ్చి ఆయన చాలాసేపు అక్కడే నిలబడ్డారు. ఇన్నేళ్ళుగా విన్న ఎక్కాలన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టున్నాయి. రోజూ ఇంతేనా అని అడిగారు. రోజూనండి, టీచరమ్మలు కూడానండి అంది జ్ఞానమ్మ.

“మరి నీళ్ళు?”

“తాగరండి.”

సాయంత్రం బెల్ కొట్టాక అందర్నీ ఆవరణలో నిలబెట్టారు. ఈసారి ఆకాశం వైపు చూడలేదు.

“రేపు పొద్దున్న ఏడింటికల్లా వడ్రంగి వస్తాడు. నాలుగు తలుపులకీ గడియలు పడ్డాకే మొదటి వాటర్ బెల్. వచ్చేవాళ్ళకి ముందు అవే చూపిస్తాను. నిన్నటిదాకా లేవని కూడా నేనే చెప్తాను. ఆ తర్వాత మొదటి స్థానం ఉంచుతారో తీసేస్తారో వాళ్ళిష్టం” అన్నారు.

తర్వాత నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

“దుర్గాశ్రీ గారూ, తలుపు పట్టుకున్నప్పుడు జ్ఞానమ్మ కొంగు ముడిలో నా తాళంచెవి కనిపించింది. రేపు ఇప్పించండి.”

తల వంచుకుని అలాగేనండి అన్నాను. గేటు దాటకుండానే, మందారం పక్కన నిలబడి ఇంటికి మెసేజ్ పెట్టాను: ‘రేపు రెండు సీసాలు నింపండి. రెండిటికీ చీటీలు కావాలి.’