గానుగత్తయ్య అద్దం

చీకటి పడేలోపు చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. డాబా మీద ఆరేసిన బట్టలు తీసి, తీగ విప్పేయాలి. టెలిస్కోపును ముందే బయట పెట్టాలి, లేకపోతే అద్దం చల్లబడక చుక్కలు వణుకుతాయి. కళ్ళకు చీకటి అలవాటు చెడకుండా టార్చికి ఎర్రగుడ్డ చుట్టాలి. గ్రహశకలం ఏ నక్షత్రాల మధ్య నుంచి పోతుందో చూపే పటం ప్రింటు తీయాలి. అత్తగారి కంట్లో మందు వేయాలి. ఎదురింటి డ్రిల్లు మాస్టారిని బతిమాలి, ఆయన డాబా లైటు ఆర్పించాలి. ఇవన్నీ ఎవరు చేయాలి? ఇంట్లో డిగ్రీ చదివింది కోడలొక్కతే కాబట్టి ఆవిడే చేయాలి. డిగ్రీలో బట్టల తీగ విప్పడం కూడా నేర్పుతారని ఆ ఇంట్లో అందరి నమ్మకం.

ఆ సాయంత్రం ఓ పెద్ద భవనమంత రాయి చంద్రుడికన్నా దగ్గరగా భూమి పక్క నుంచి పోబోతోంది. ప్రమాదమేమీ లేదు. మామూలు కంటికి ఆనేదీ కాదు. మిగతా వాళ్ళకు అదొక వింత, అత్తగారికి మాత్రం పరీక్ష.

ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తూ వయసంతా గడిపింది. పని మానేశాక చేతులు ఊరుకోలేదు. టెలిస్కోపు అద్దం చేద్దామని ఆరంగుళాల గుండ్రటి గాజుబిళ్ళ తెప్పించి, వరండాలో నీళ్ళు నింపిన డ్రమ్ము మీద బిగించి, గరుకుపొడి చల్లి, మరో బిళ్ళతో రుద్దడం మొదలుపెట్టింది. ఒకచోటే నిలబడితే గాజు ఒకవైపే అరుగుతుంది. అందుకని రుద్దుతూ డ్రమ్ము చుట్టూ తిరగాలి. అలా రెండేళ్ళు తిరిగింది. వీధిలో పిల్లలు గానుగత్తయ్య అని పేరు పెడితే, ఆ పేరుకే పలకడం అలవాటు చేసుకుంది. చివరికి అద్దానికి వెండిరంగు పూత వేయించి గొట్టంలో బిగించింది.

పోయిన నెల ఆకాశ పరిశీలకుల సంఘం కార్యదర్శి వచ్చి, అందులోంచి ఒకసారి చూసి, అద్దం అంచు దగ్గర ఎక్కువ అరిగి దిగిపోయిందని, మసక చుక్కలకు పనికిరాదని తేల్చేసి, కాఫీ తాగి వెళ్ళాడు. అప్పటి నుంచి ఆవిడకు తిండి సయించలేదు. ఈ మసక రాయి కనిపిస్తే అద్దం ఉంటుంది, లేదంటే పూతతో సహా అరగదీసి మళ్ళీ మొదలుపెడతానని మొండికేసింది. ఒక కంట్లో శుక్లం ముదిరింది, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. రెండో అద్దం పూర్తికాదని ఇంట్లో అందరికీ తెలుసు. పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు.

తీరా చూసే వేళకు కోడలి తల ప్రాణం తోకకొచ్చింది. డ్రిల్లు మాస్టారు లైటయితే ఆర్పాడు గానీ, చేతిలో పెద్ద టార్చి వెలిగించుకుని తానే వచ్చేశాడు. ఆ రాయి ఎక్కడ పడుతుందని అడిగాడు. ఎక్కడా పడదంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు. భర్తగారు ఫోన్లో మాట్లాడుతూ గొట్టానికి చేరగిలబడి, గురి మొత్తం తప్పించాడు. ఇదేం పనని అడిగితే, రోడ్డు వేసేవాళ్ళు వీధి చివర వదిలేసిన రాళ్ళు ఎప్పటినుంచో ఉన్నాయి, వాటిని చూపించు, కదలకుండా ఉంటాయి అన్నాడు. కోడలు పళ్ళు నూరుకుంటూ మళ్ళీ గురి పెట్టింది.

పటంలో ఉన్న నక్షత్రాలన్నీ ఉన్నాయి. వాటి మధ్య కదలాల్సిన చుక్క మాత్రం లేదు. కన్ను మార్చింది, ఊపిరి బిగబట్టింది, టార్చి ఆర్పమని మాస్టారి మీద కసిరింది. లాభం లేకపోయింది. వెనకాల కుర్చీలో అత్తగారు ఏమైందని అడగడం అది ఎన్నోసారో.

"చుక్కలున్నాయి అత్తయ్యా, అదొక్కటే లేదు. మీ అద్దానికి ఆనడం లేదేమో," అనేసింది కోడలు విసుగ్గా.

అత్తగారు స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని, గొట్టం అడుగున మరలు విప్పి, అద్దాన్ని చంటిపిల్లలా గుండెకు హత్తుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. మాస్టారు తనకెప్పుడో కనిపించిందంటూ దూరంగా పోతున్న విమానాన్ని చూపించాడు.

కోడలికి ఒళ్ళు మండి కార్యదర్శికి ఫోన్ చేసింది. మీ పరిశీలకుల సంఘం, మీ రాళ్ళు, రెండూ బూటకమేనని దులిపేద్దామనుకుంది. ఆయన తనకు బ్రహ్మాండంగా కనిపిస్తోందని చెప్పి, పటం తీసేటప్పుడు ఏ ఊరు పెట్టావమ్మా అని అడిగాడు. కోడలు ఫోన్ వెలుగులో కాగితం మూల చూసింది. పరిశీలించే స్థలం: భూమి కేంద్రం. కంప్యూటర్ తనంతట తాను పెట్టుకున్నదాన్ని ఆవిడ మార్చలేదు.

దూరపు నక్షత్రాలకైతే ఎక్కడ నిలబడి చూసినా ఒకటే. దగ్గరి వస్తువుకు అలా కాదు. ముక్కు ముందు వేలు పెట్టుకుని ఒక కన్ను మూసి, మళ్ళీ రెండోది మూస్తే వేలు పక్కకు గెంతినట్టు కనిపిస్తుంది. ఆ రాయీ అలాగే పటంలోంచి పక్కకు గెంతి కూర్చుంది. రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తూ, వివరాలు రాయని సీసాలను తిప్పిపంపుతూ రోజూ నలుగురికి చీవాట్లు పెట్టే కోడలే, తన పటం మీద ఊరు రాయడం మరిచింది.

ఒక్క పరుగున కిందికి వచ్చేసరికి అద్దం డ్రమ్ము మీద ఉంది. అత్తగారు అరచేతిలో గరుకుపొడి తడుపుతోంది.

"ఆగండి అత్తయ్యా. తప్పు అద్దానిది కాదు, నాది. భూమి మధ్యలో నిలబడి చూసేవాళ్ళ పటం తీశాను."

అత్తగారు తలెత్తింది. "భూమి మధ్యలో ఎవరుంటారే?"

"ఎవరూ ఉండరు."

"మరి ఎవరి కోసం తీశావు?"

కోడలు గబగబా అద్దం అందుకోబోతే అత్తగారు గట్టిగా ఆపింది. చేతికంటిన గరుకు ఒక్క రవ్వ తగిలినా గీత పడుతుందంటూ మోచేతుల దాకా కడుక్కుంది. గోళ్ళు చూసుకుని మళ్ళీ కడుక్కుంది. పైన రాయి పోతూనే ఉంది, కింద నీళ్ళు పోతూనే ఉన్నాయి. కోడలు కాళ్ళు కాలినట్టు వరండాలో తిరిగింది.

డాబా మీద మళ్ళీ మరలు బిగించారు. కొత్త పటం ఫోన్లో తెరిచి చూస్తే, రాయి మాస్టారి ఇంటి వైపు బాగా దిగిపోయింది. గురి పెట్టి కాసేపు చూశాక రెండు నక్షత్రాల మధ్య ఓ చిన్న చుక్క చీమ నడకతో జరగడం కనిపించింది. కోడలు పక్కకు తప్పుకుంది.

అత్తగారు మంచి కన్ను ఆనించి చాలాసేపు చూసింది. ఆకాశంలో అంత దగ్గరగా వచ్చి పోతున్న రాయి గురించి ఒక్క మాటా అనలేదు.

"అంచు దిగలేదు. చుక్క చుక్కలాగే ఉంది," అంది.

భర్త తన వంతు వచ్చిందని వంగేసరికి రాయి మాస్టారి నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయింది. ట్యాంకు మాత్రం స్పష్టంగా కనిపిస్తోందని చెప్పాడు.

మర్నాడు సంఘానికి రాయిని చూసిన వివరాలు పంపుతూ, వాటి కింద అద్దం చేసిన మనిషి పేరు కూడా వేయమని కోడలు కార్యదర్శిని అడిగింది. అంచు సంగతీ గుర్తుచేసింది. ఆయన నొచ్చుకుని, మొదట చూసినవాళ్ళ పేరే వేస్తామని, పద్ధతి అదేనని అన్నాడు. ఎంత వాదించినా దిగిరాలేదు. ఆ రాయి ఇంత దగ్గరికి మళ్ళీ ఎప్పుడు వస్తుందో ఏమో. అప్పుడెవరైనా పాత వివరాలు తిరగేస్తే కోడలి పేరే దొరుకుతుంది, అది కూడా తప్పు పటం తీసిన మనిషి పేరు. కాబట్టి ఇది చదివినవాళ్ళయినా, ఎప్పుడైనా ఓ టెలిస్కోపులో కన్ను పెడితే, గొట్టం అడుగున ఉన్న అద్దం చుట్టూ ఎవరో ఏళ్ళ తరబడి తిరిగి ఉంటారని తలుచుకోండి. గానుగత్తయ్యను గుర్తుపెట్టుకోండి.