గిల్లిన చేతి పోలిక

కొత్త రకాలు పుట్టించే ఆ తోటను నడిపే ఆవిడను అందరూ కొత్తిమీరమ్మ అనేవారు. అరవై ఊళ్ల నుంచి ఏరి తెచ్చిన అరవై కొత్తిమీర రకాలను రకానికో వరుసగా వేసింది. వాటిలో చుట్టరికం లేని రెండింటిని కలిపి, ఎండు తెగులుకు లొంగని మూడోదాన్ని పుట్టించాలి. సోమవారంలోగా అలాంటి జంటను చూపకపోతే తోట దున్నించేస్తామని పైవాళ్లు కాగితం పంపారు.

వరుసకో ఆకు తన గోటితోనే గిల్లి, కవర్లలో పెట్టి ల్యాబుకు పంపింది. మర్నాడే ల్యాబు ఆవిడ ఫోన్ చేసింది.

"అరవై ఆకులూ ఒకే మొక్కవండీ."

చూస్తే ఒక వరుస జానెడు, ఇంకోటి మూరెడు. ఒకదాని కాడ ఎరుపు, ఇంకోదానిది తెలుపు.

"ఒకే కట్ట విప్పి అరవై కవర్లలో సర్దావేంటే?" అన్నాడు తోటమేస్త్రి. ఆయన కొత్తిమీరమ్మకు సొంత మేనమామ, వెటకారానికి హక్కున్నవాడు.

"వేళాకోళం చాలు. ఈసారి నువ్వు గిల్లు మామయ్యా. వరుస వరుసకీ చేతులు స్పిరిట్‌తో తుడుచుకో."

తుడుచుకునే గిల్లాడు. ల్యాబు ఆవిడ మళ్లీ ఫోన్ చేసింది.

"ఇవీ అరవై ఒకటేనండీ. కానీ మొన్నటిది కాదు, వేరేది. ఆ రెంటికీ చుట్టరికం ఉంది. సరిగ్గా మేనమామకీ మేనకోడలికీ ఉండేంత."

మేస్త్రి నవ్వబోయి, తన వేళ్ల వంక చూసుకుని, ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఇంక రెండు రోజులే గడువు. కొత్తిమీరమ్మ ల్యాబు ఆవిడను తోటకే రప్పించింది.

"మీవాళ్లూ మావాళ్లూ ఎక్కడా కలవరు కదా?"

"ఏడు తరాలు తవ్వినా కలవరండీ," అంటూ ఆవిడ వరుసల మధ్యకు దిగింది. గాలి లేదు. అరవై వరుసలూ ఆవిడ చేతి వైపు ఒరిగాయి.

"గిల్లమంటారా?" అంది గొంతు తగ్గించి.

"గిల్లండి."

ఆవిడ ఒక వరుస గిల్లింది, కొత్తిమీరమ్మ పక్క వరుస. పరీక్షలో రెండూ ఒకదానికొకటి పూర్తిగా పరాయివని తేలింది. పైవాళ్లు సంతోషించారు, తోట నిలిచింది. పూత రాగానే ఒకదాని పుప్పొడి రెండోదానికి అద్దారు. ఆ గింజల్లోంచి వచ్చిన మొక్కలను తెగులు తాకను కూడా లేదు.

కోతకొచ్చిన పొద్దున మేస్త్రి కొడవలి పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు.

"కొయ్యమంటావా అమ్మాయ్?"

కొత్తిమీరమ్మ ల్యాబు ఆవిడ వంక చూసింది. ల్యాబు ఆవిడ మొక్కల వంక చూసి తల అడ్డంగా ఊపింది.

"ఒక్క వారం ఆగుదాం మామయ్యా. పసివి."

ఆ వారం ఇంకా పూర్తి కాలేదు. మొక్కలు నడుం దాటాయి.