బార్లీ గిర్ని

మాణిక్యం చేతిలో పడితే ఇనుము కూడా పిండిముద్దలా మాట వింటుందని షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో చెప్పుకునేవారు. అబద్ధమేం కాదు. కమ్మరింట పుట్టినవాడు. మెట్‌పల్లి పక్క ఊళ్లో తండ్రి కొలిమి ఊదితే, కొడుకు షార్జా వర్క్‌షాప్‌లో లేత్ మెషిన్ తిప్పేవాడు. ఆ చేతుల్లో ఉన్న పనితనంలో సగమైనా గుండెలో ధైర్యం ఉండి ఉంటే ఈ కథ చెప్పే పనే పడకపోయేది.

రాజలింగానిది మాణిక్యం ఊరికి పొలిమేర ఊరు. కల్లుగీసే ఇంటివాడు. తాటిచెట్టు మొదట్లో నిలబడి నువ్వు చుట్ట ముట్టించేలోగా పైన కమ్మల్లో ఉండేవాడు. అంతటివాడు దుబాయ్ వచ్చి సిమెంట్ మూటల కింద నలిగాడు. వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, జీతమివ్వక సతాయిస్తుంటే ఒకనాడు కట్టుబట్టలతో కంపెనీ నుంచి పారిపోయాడు. పాస్‌పోర్ట్ కఫీల్ బీరువాలోనే ఉండిపోయింది. అలా కాగితాల్లేకుండా తిరిగేవాళ్లను అక్కడ కల్లివల్లి అంటారు. పోలీసు కనబడితే సందు మార్చాలి, జ్వరమొస్తే ముసుగుతన్ని పడుకోవాలి. అదీ బతుకు! మాణిక్యం గదిలో, మాణిక్యం మంచం పక్కన చాప వేసుకుని నాలుగేళ్లు వెళ్లదీశాడు. ఊరివరసన ఒకర్నొకరు బావా అనుకునేవారు.

రెండువేల ఏడు ఎండాకాలంలో సర్కారు కల్లివల్లీలకు మాఫీ ప్రకటించింది. ఆఫీసుకొచ్చి వేలిముద్రలేసి, జైలూ జరిమానా లేకుండా ఇంటికి పోవచ్చన్నారు. పోలీసు కేసున్నవాళ్లకు మాత్రం కుదరదని క్యాంపుల్లో అనుకున్నారు. ఆ మాట విన్నరోజు రాజలింగం గదిలో చిన్నపిల్లాడిలా గంతులేశాడు.

“బావా, ఇగ నేను పోత. మా తాళ్లు ఎవలెవలో గీస్తున్నరట. ఈ యేడు నా చెట్లు నేనే ఎక్కుత” అన్నాడు. “చెట్టెక్కక నాలుగేండ్లాయె. మనిషిని కాకుంటనే అయిన.”

పోయేవాడు ఊరికే పోతే బాగుండు. నాలుగేళ్లు దాచిపెట్టి అన్నం పెట్టిన గదివాళ్లందరికీ దావత్ ఇచ్చి పోతానని పట్టుబట్టాడు. మా వైపు దావత్ అంటే తెలుసుగా, ముక్క ఉంటే చాలదు, చుక్క ఉండాలి. అదీ గీతకార్మికుడి దావత్! చుక్క లేకుండా పెట్టాడంటే వాడి కులం తలెత్తుకుంటుందా? కానీ షార్జాలో మందు పేరెత్తితేనే కటకటాలు.

దానికీ రాజలింగం దగ్గర ఉపాయముంది. పారిపోయిన కొత్తలో ఒక గోరాయన, అంటే తెల్లదొర, విల్లాలో తోటకు నీళ్లు పట్టేవాడు. ఆయన గ్యారేజీలో సొంతంగా బీరు కాచుకునేవాడు. బార్లీని మొలకెత్తించి ఎండబెట్టి, కచ్చాపచ్చాగా పలగ్గొట్టి, వేడినీళ్లలో నానబెట్టి, పులియబెట్టడం. పులుపు సంగతి కల్లుగీసేవాడికి ఒకరు నేర్పాలా? చూసీ చూడగానే పట్టేశాడు. గోరాయన దేశం పోతూ పారేసిన మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ బస్తా ఒకటి మాణిక్యం మంచం కింద భద్రంగా ఉంది. చిక్కల్లా పలగ్గొట్టడం దగ్గరే వచ్చింది. గదిలో మిక్సీలో వేస్తే సగం పిండైపోయింది. పిండైతే నీళ్లలో బంకలా పట్టేసి వడగట్టరాదు. మూడోసారికి మిక్సీ కూడా మాడి గదంతా కంపు కొట్టింది.

“నీకు గిర్ని కావాలె, గంతేగద? నేను చేస్త” అన్నాడు మాణిక్యం.

చేశాడు కూడా! ఎంత ముచ్చటగా చేశాడో చెబితే నమ్మరు. ఇనుప కడ్డీ తెచ్చి లేత్ మీద రెండు రోలర్లు తిప్పాడు. గింజ జారకుండా వాటి ఒంటినిండా గరుకు గీతలు పెట్టాడు. రెంటి మధ్య సందు పెంచడానికీ తగ్గించడానికీ బోల్టులు అమర్చాడు. తుక్కులో దొరికిన వాషింగ్ మెషిన్ మోటారు పెట్టి, పెద్ద చక్రానికి బెల్టు తగిలించి వేగం తగ్గించాడు. పైన రేకుతో పెద్ద గరాటా. గింజలు అందులో పోస్తే చెయ్యి రోలర్ల దరిదాపుల్లోకి పోయే పనే లేదు. ఆ గరాటా అలాగే ఉండి ఉంటే ఎంత బాగుండేది!

శుక్రవారం వర్క్‌షాప్ సెలవు. తాళంచెవి మాణిక్యం దగ్గరే ఉంటుంది. ఇద్దరే పోయారు. కమ్మరి బిడ్డ కొత్త యంత్రాన్ని పూజ చెయ్యకుండా నడుపుతాడా? కడిగి, తుడిచి, పసుపు రాసి, రోలర్ల మీద కుంకుమ బొట్లు పెట్టాలి. బొట్లకు గరాటా అడ్డొస్తుందని దాన్ని విప్పి పక్కన పెట్టాడు. పసుపుకొమ్ము కట్టిన దారం ఒకటి యంత్రానికి, ఒకటి రాజలింగం కుడిచేతి మణికట్టుకు కట్టాడు. నిమ్మకాయ కోశాడు. ఊదుబత్తి వెలిగించాడు.

“ఇగ గరాటా పెడ్త, ఆగు” అన్నాడు.

“తొలి గింజ గరాటలకెల్లి పోస్తరా బావా? గిర్నికి తొలి పిడికెడు చేతితోనే ఇయ్యాలె. మా అవ్వ ఇసుర్రాయికి గట్లనే పెట్టేది” అన్నాడు రాజలింగం.

మాణిక్యానికీ ఆ మాట సబబే అనిపించింది. సబబు కాదని ఎలా అంటాడు? వాళ్ల అమ్మా అంతే చేసేది. స్విచ్ వేశాడు. మోటారు గుర్రుమంది. రాజలింగం నవ్వుతూ పిడికెడు బార్లీ రోలర్ల మీద రాల్చాడు. గింజలు చిటచిటమని పగిలి, పొట్టు చెక్కుచెదరకుండా కింద పడ్డాయి. “అబ్బ! ఎంత మంచిగ పలిగినయ్ చూడు!” అని వంగాడు. పసుపుకొమ్ము బరువుకు దారం వేలాడింది. రోలర్లు దాన్ని అందుకున్నాయి. ఆ తర్వాత వేళ్లు, ఆ తర్వాత అరచెయ్యి.

ఆ అరుపు చెప్పతరం కాదు. మాణిక్యం స్విచ్ ఆపి, బెల్టు పీకి, బోల్టులు వదులు చేసి చెయ్యి బయటికి తీశాడు. దాన్ని చెయ్యి అనడానికి నోరు రాదు.

మాణిక్యం గదిలో రెండో మంచం రహమతుల్లాది. కడప జిల్లావాడు, దుబాయ్‌లో ఒక క్లినిక్‌లో వార్డ్‌బాయ్. మందు ముట్టడు, ముట్టేవాళ్లను చూస్తే గిట్టదు. అయినా ఫోన్ చేయగానే వర్క్‌షాప్‌కు పరుగున వచ్చి చెయ్యి చూసి తలపట్టుకున్నాడు.

“ఇది నా కట్టుతో పొయ్యేది కాదన్నా. ఎముకలన్నీ నుజ్జయినాయి. పెద్దాస్పత్రికి పదండి, ఇప్పుడే.”

“ఆస్పత్రిల పోలీసులు రారా? ఎక్కడ తగిలింది, ఏం మిషన్, ఏం పట్టినరు అని అడగరా?” మాణిక్యం గొంతు కీచుగా వచ్చింది. “కేసయితది. మాఫీ ఖలాస్. బావ ఇంటికి పోడు, జైలుకు పోతడు.”

“దెబ్బ తగిలినోనికి కట్టు కడతారన్నా. గిర్నీలో ఏం పోసినావని ఎవురడగతారు?”

“నీకు తెల్వదు, ఊకో!”

రహమతుల్లా అతని ముఖంలోకి చూశాడు. “ఆయప్ప కోసరమే అంటాండావా అన్నా, నీ వీసా కోసరమా?”

మాణిక్యానికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. అరిచాడు, తిట్టాడు, బావకు నాలుగేళ్లు అన్నం పెట్టినవాణ్ణి నన్నే అంటావా అని మీదికి పోయాడు. నిజం తగిలినవాడే అంత గట్టిగా అరుస్తాడు. వర్క్‌షాప్ తను పనిచేసేది, తాళం తనది, గిర్ని తనది. షార్జాలో మందు కోసం యంత్రం చేసిన లేత్ మెకానిక్‌ను ఎవరు వదులుతారు? ఆ లెక్క అతను లోపల వేసుకుంటూనే ఉన్నాడు. నోటితో మాత్రం బావ మాఫీ, బావ మాఫీ అన్నాడు.

రాజలింగం పళ్లు బిగపట్టి ఇద్దర్నీ విన్నాడు. “బావ చెప్పిందే కానియ్యి రహమతన్నా. మాఫీ అయితె అయిదారు రోజులల్ల ఇంటికాడుంట. అక్కడ చూపిచ్చుకుంట” అన్నాడు. నమ్మినవాడి మాట అంతే మరి.

రహమతుల్లా క్లినిక్ నుంచి మాత్రలు, దూది తెచ్చాడు. చేతనైనంత శుభ్రం చేసి కట్టు కట్టాడు. అయిదారు రోజులనుకున్నది సాగింది. ఆఫీసు ముందు వేలమంది. ఎండలో నిలబడి నిలబడి సాయంత్రానికి ఉత్త చేతులతో తిరిగిరావడం. కట్టులోంచి రసి కారింది. ముందు వేళ్లు నల్లబడ్డాయి, తర్వాత అరచెయ్యి. జ్వరంలో రాజలింగం చెట్లతో మాట్లాడేవాడు. ఈ చెట్టు దిగి ఆ చెట్టు ఎక్కుతున్నానని, కల్లు లొట్టి అందుకొమ్మని కేకలేసేవాడు. మాణిక్యం గోడవైపు తిరిగి చెవుల్లో వేళ్లు పెట్టుకునేవాడు. రహమతుల్లా మాత్రం నిద్రలేకుండా తడిగుడ్డ వేస్తూ కూర్చునేవాడు, మాణిక్యంతో మాట మానేశాడు. దావత్ ఊసు ఇక ఎవరూ ఎత్తలేదు.

చివరికి ఒకరోజు మాణిక్యం డ్యూటీకి సెలవు పెట్టి, బావను భుజాన వేసుకున్నంత పనిచేసి లైన్లో నిలబెట్టాడు. మధ్యాహ్నానికి కౌంటర్ అందింది. కుర్ర ఆఫీసరు. హిందీ బాగానే మాట్లాడుతున్నాడు. పేరు రాసుకుని, వేలిముద్రల మెషిన్ చూపించి, కుడిచెయ్యి పెట్టమన్నాడు.

రాజలింగం ఎడమచెయ్యి పెట్టాడు.

“కుడిది” అన్నాడు ఆఫీసరు. కట్టు విప్పమన్నాడు.

విప్పారు. వాసనకు వెనకున్నవాళ్లు వెనక్కి జరిగారు. ఆఫీసరు లేచి నిలబడ్డాడు. తిడతాడనుకుని మాణిక్యం కళ్లు మూసుకున్నాడు. కానీ ఆ అబ్బాయి కౌంటర్ దాటి ఇవతలికి వచ్చి రాజలింగాన్ని తన కుర్చీలో కూర్చోబెట్టాడు. నీళ్లు తెప్పించి అంబులెన్స్‌కు ఫోన్ చేయించాడు.

“ఇన్నాళ్లు ఆస్పత్రికి ఎందుకు పోలేదు? ఇది మిషన్‌లో పడ్డ చెయ్యేగా? పనిలో దెబ్బ తగిలితే నీ మీద కేసెందుకుంటుంది? నీ మాఫీ ఎక్కడికీ పోదు. మొదటిరోజే పోయుంటే ఈ చెయ్యి దక్కేదేమో” అన్నాడు.

ఆఫీసరు మాణిక్యం వైపు తిరిగాడు. “నువ్వు ఇతని మనిషివా? ఏ వర్క్‌షాప్‌లో జరిగింది? ఆ యజమాని జవాబు చెప్పాలి. నువ్వు చెప్పు, ఇతనికి మాట రావడం లేదు.”

ఒక్క మాట చాలు. మా వర్క్‌షాప్‌లోనే సార్, నేను చేసిన మిషన్‌లోనే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వర్క్‌షాప్ మూలన గోనెపట్టా కింద ఆ గిర్ని ఇంకా ఉంది, బార్లీ పొట్టుతో, పసుపుతో. పోలీసులు వస్తారు, పట్టా ఎత్తుతారు.

“నాకు తెలియదు సార్. లైన్లో నా ముందున్నాడు. పడిపోతుంటే పట్టుకున్నాను, అంతే” అన్నాడు హిందీలో.

ఆఫీసరు రాజలింగాన్ని అడిగాడు. “ఇతను నీకు తెలుసా?”

జ్వరంతో ఎర్రబడ్డ కళ్లతో రాజలింగం మాణిక్యం ముఖంలోకి చూశాడు.

“తెలియదు సార్. ఎవరో పుణ్యాత్ముడు. పోనివ్వండి, ఆయనకు డ్యూటీ ఉంటుంది.”

మాణిక్యం వెళ్లిపోయాడు. ఛీ, ఆ కాళ్లు ఎలా వచ్చాయో! అంబులెన్స్ వచ్చేదాకా కూడా ఆగలేదు. సరాసరి వర్క్‌షాప్‌కు పోయి గిర్నిని గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేసి తుక్కులో కలిపేశాడు. ఏ పోలీసూ రాలేదు. ఏ వర్క్‌షాపో రాజలింగం ఎవరికీ చెప్పలేదని తర్వాత తెలిసింది.

చెయ్యి మోచేతి దాకా తీసేశారు. గాయం ఆరాక ఆస్పత్రి నుంచే పాస్‌పోర్ట్ బదులు ఔట్‌పాస్ ఇచ్చి పంపించారు. ఎయిర్‌పోర్ట్‌కు రహమతుల్లా ఒక్కడే పోయాడు. మాణిక్యం గదిలో కూర్చుని ఎదురుచూశాడు. తిరిగి రాగానే ఇన్నాళ్ల మౌనం విడిచి తానే అడిగాడు.

“నా గురించి ఏమన్న అన్నడా?”

రహమతుల్లా చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. “నేనే అడిగినా. మాణిక్యమన్నకు ఏమన్నా చెప్పమంటావా అని.”

“ఏమన్నడు?”

“యా మాణిక్యం అన్న్యాడు. ఆ పేరు గలోడు ఎవురూ తెలీదన్న్యాడు.”

మాణిక్యం మంచం మీంచి లేచాడు. “పోలీసులు పక్కనే ఉండి ఉంటరు. అందుకే అట్లన్నడు.”

“ఎవురూ లేరన్నా” అన్నాడు రహమతుల్లా. “నేనూ ఆయప్పే.”