మూడు సీట్లు పక్కపక్కన

మా మామయ్య దర్జీ. ఏ విషయాన్నైనా గుడ్డ కొలతల్లోకి దించితే తప్ప ఆయనకు తృప్తి ఉండదు. మా ఫుట్‌బాల్ క్లబ్బు పాత మైదానం వదిలేసి, ఊరి బయట కట్టిన నలభై వేల సీట్ల స్టేడియానికి మారుతోందని నేను చెప్పిన రోజు ఆయన కుట్టుమిషను ఆపాడు.

"ఇప్పుడు మన మైదానంలో ఎంతమంది పడతారు?"

"తొమ్మిది వేలు, మామయ్యా."

"ఎంతమంది వస్తారు?"

"తొమ్మిది వేలు."

"మరి నలభై వేలెందుకు?"

"సీట్లుంటే జనం వాళ్లే వస్తారంటున్నారు మా అధ్యక్షుడుగారు."

"చొక్కా వదులుగా కుట్టినంత మాత్రాన మనిషి లావైపోడమ్మాయ్," అని మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

నేను నవ్వాను. నవ్వడానికి నాదేం పోయింది, అప్పటికి నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి.

క్లబ్బులో నాది సభ్యత్వ విభాగం. విభాగమంటే ఒక ఇనుప బీరువా, ఒక కంప్యూటరు, కార్డులు అచ్చువేసే చిన్న మెషీను, నేను. పాత మైదానంలో నా గది తూర్పువైపు మెట్ల కిందే ఉండేది. మనవాళ్లు గోలు కొడితే పైన జనం గెంతుతారు, నా బల్ల మీద సున్నం రాలుతుంది. ఆట చూడకుండానే ఎన్ని గోల్సో చెప్పేదాన్ని.

ఆ మెట్ల మీద రెండో వరసలో మామయ్య, ఆయన స్నేహితులిద్దరూ ముప్ఫై ఏళ్లుగా కూర్చునేవారు. ఎడమ చివర పోస్టుమాన్. ఆయనకు కుడి చెవి ఒక్కటే పనిచేస్తుంది కాబట్టి అదే ఆయన చోటు. మధ్యలో లెక్కల మాస్టారు. ఆయన పక్కన మామయ్య. మాస్టారికి పదేళ్లుగా చూపు మసక. ఆటగాళ్లు రంగు మచ్చల్లా కదులుతారు తప్ప బంతి అస్సలు కనపడదు. అయినా ఒక్క ఆట మానలేదు, ఎందుకంటే మామయ్య ఆయన చెవిలో చెబుతూ ఉండేవాడు. "కుడివైపు నుంచి పోతున్నాడు, ఇచ్చాడు, మనవాడు పడ్డాడు." "పడ్డాడా, పడేశారా? సరిగా చెప్పి చావు!" అని మాస్టారు కసిరేవాడు. ఈయన చెప్పడం, ఆయన తప్పులు పట్టడం, పోస్టుమాన్ ఇద్దరి మధ్యా తీర్పు చెప్పడం. అదీ వాళ్ల ఆట.

ఇక్కడ నా రిజిస్టరు సంగతి చెప్పాలి. అందులో ప్రతి సభ్యుడికీ ఒక సీటు నెంబరు ఉంటుంది. ఆ సీట్లో ఆ సభ్యుడు మాత్రం ఉండడు. స్తంభం అడ్డొస్తోందని ఒకడు, ఎండ పడుతోందని ఒకడు, బావమరిదితో మాటల్లేవని ఇంకొకడు, అలా ముప్ఫై ఏళ్లలో అందరూ అందరితో సీట్లు మార్చుకున్నారు. ఎవరూ ఆఫీసుకొచ్చి రాయించలేదు. రాయించాల్సిన పనేముంది? ఎవరి చోటు ఏదో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

కొత్త స్టేడియం వాళ్లు సభ్యుల జాబితా మూడు రోజుల్లో కావాలన్నారు. ఎనిమిది వేల రెండొందల మంది. నేను చేయాల్సిన పని, గడువు పెంచమని పోట్లాడి, వచ్చే ఆట రోజున పుస్తకం పట్టుకుని మెట్ల మీద వరసవరసా తిరిగి, ఎవరి పక్కన ఎవరున్నారో రాసుకోవడం. నేను చేసిన పని, రిజిస్టరును ఉన్నదున్నట్టు సభ్యత్వ నెంబర్ల వరసలో పంపేయడం. మొదటి వెయ్యి మందీ ఎ బ్లాకు, తర్వాతి వెయ్యీ బి, అలా. మామయ్య నెంబరు 417, మాస్టారిది 3093, పోస్టుమాన్‌ది 6260. మీట నొక్కేముందు ఆ మూడు నెంబర్లూ నా కళ్లకు కనపడ్డాయి. గేటు దాటాక వాళ్లే కలుసుకుంటారులే అనుకున్నాను. మొగుడికి ఫోన్ చేసి కూరగాయలు తెమ్మని చెప్పి ఇంటికెళ్లిపోయాను.

మొదటి ఆటకు ముగ్గురూ రెండు బస్సులు మారి వెళ్లారు. అంతకుముందు చెప్పులేసుకుని నడిచి పోయేవారు. స్టేడియంలో ఒక్కో బ్లాకుకు ఒక్కో గేటు, బ్లాకుకూ బ్లాకుకూ మధ్య నిలువెత్తు ఇనుప కమ్మీలు. మామయ్య గేటు దగ్గర బతిమాలి లోపలికొచ్చి, మాస్టారిని డి బ్లాకులో కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చోబోతే కాపలావాడు లేపాడట.

"తాతా, కార్డులో ఏ బ్లాకుంటే ఆ బ్లాకే."

"ఈయన పక్కన ఇరవై కుర్చీలు ఖాళీగా ఉన్నాయి కదా బాబూ."

"ఖాళీగా ఉంటే మీవైపోతాయా?"

డి బ్లాకు పక్కనే అవతలి జట్టు అభిమానులు. అవతలి జట్టు గోలు కొట్టింది, ఆ అభిమానులు అరిచారు. మాస్టారు మనదే అనుకుని లేచి చప్పట్లు కొట్టాడు. చుట్టుపక్కల కుర్రాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఎందుకో ఆయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. మైదానం అవతలి మూల నుంచి మామయ్య అదంతా చూస్తూనే ఉన్నాడు.

"ఆ జాబితా ఎవరు చేశారమ్మాయ్?" అని ఇంటికొచ్చాక అడిగాడు.

"నేనే, మామయ్యా."

"ఊఁ," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టే మనిషి కాకపోవడం వల్ల ఇంట్లో నాకు ఎంత ఇబ్బందో ఎవరికీ చెప్పుకోలేను.

మర్నాడే స్టేడియం వాళ్ల దగ్గరికి పోయాను. సీట్ల జాబితాకు ఈ సీజనుకు తాళం పడిపోయిందనీ, మార్పులు వచ్చే సీజనులోనేననీ చెప్పారు. మూడే మూడు సీట్లండీ అన్నాను. మూడైనా మూడు వేలైనా తాళం తాళమేనన్నారు. మా అధ్యక్షుడుగారి దగ్గరికి పోతే, "మనం అద్దెకున్నవాళ్లం కదమ్మా, ఇల్లుగలవాడు ఎట్లా చెబితే అట్లా. అయినా జనం మెల్లగా అలవాటు పడతారులే," అన్నారు. గోడకు చెప్పుకున్నా ఒకటే, ఆయనకు చెప్పుకున్నా ఒకటే. గోడ కనీసం టీ తాగి వెళ్లమనదు.

జనం మెల్లగా అలవాటు పడింది రాకపోవడానికి. తొమ్మిది వేలు ఏడయింది, ఏడు అయిదయింది. నలభై వేల కుర్చీల్లో అయిదు వేల మంది కూర్చుంటే, పెద్ద డేగిసాలో గుప్పెడు బియ్యం వండినట్టు ఉంటుంది. టీవీలో బోసిగా కనపడుతోందని, వచ్చినవాళ్లందరినీ కెమెరాకు ఎదురుగా ఉండే వైపుకు పంపడం మొదలుపెట్టారు. అప్పుడు మాత్రం ఏ తాళమూ అడ్డం రాలేదు. కానీ అప్పటికే మాస్టారు మానేశాడు. రానూపోనూ రెండు బస్సులు, దాని కోసం ఎవడి మీదో ఆధారపడటం తనకిష్టం లేదన్నాడట. తర్వాత పోస్టుమాన్ మానేశాడు. మామయ్య ఒక్కడూ ఇంకో నాలుగు ఆటలకు వెళ్లాడు. తిరుగు బస్సు దొరకదని ఆట ముగియకముందే లేచి వచ్చేసేవాడు. చివరికి ఒక శనివారం బట్టలు మార్చుకుని, గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ లోపలికొచ్చి మిషను ముందు కూర్చున్నాడు. ఎందుకని నేనెట్లా అడుగుతాను? అడగడానికి మొహముండాలి కదా.

సీజను ముగిసింది. తాళం తీసిన రోజు పొద్దున్నే ఆఫీసుకెళ్లి, అన్నిటికంటే ముందు ఒక్క పని చేశాను. బి బ్లాకు, రెండో వరస, ఒకటి రెండు మూడు సీట్లు. ఎడమ చివర పోస్టుమాన్, మధ్యలో మాస్టారు, పక్కన మామయ్య. ఎవరినీ అడక్కుండా, సభ్యత్వాలు పొడిగించకముందే మూడు కార్డులు అచ్చువేసి ఇంటికి పట్టుకుపోయాను.

మామయ్య వాటిని గుడ్డ నాణ్యం చూసినట్టు వేళ్ల మధ్య రుద్ది చూశాడు.

"ఇప్పుడు కుదిరిందమ్మాయ్," అన్నాడు.

"అయితే వెళతారా? బస్సు కాకపోతే నేను ఆటో మాట్లాడతాను. మాస్టారిని నేనే తీసుకొస్తాను."

"మాస్టారు ఇప్పుడు ఆటల పేజీ కూడా చదివి వినిపించొద్దంటున్నాడు. మొన్న నేను మర్చిపోయి స్కోరు చెప్పబోతే చేత్తో నా నోరు మూశాడు." కార్డులు నా చేతిలో పెట్టాడు. "నువ్వు బాగానే చేశావులే. కుట్టిన చొక్కా విప్పి మళ్లీ కుట్టొచ్చు. కానీ వేసుకునేవాడు ఉండాలి కదా."

నేను వంటింట్లోకెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. అత్తయ్య వచ్చి కుళాయి కట్టేసి, నీళ్లు వృథా చేయకు, కావాలంటే ఇక్కడే కూర్చుని ఏడు అంది.

సభ్యత్వాలు పొడిగించుకునే గడువు చివరి రోజు వరకూ మూడు కార్డులూ నా సొరుగులోనే ఉన్నాయి. సాయంత్రం, పొడిగించుకోనివాళ్ల పేర్లు రద్దుచేసే పని మొదలైంది. కంప్యూటర్లో ఒక్కో పేరు తెరవాలి, 'రద్దు' నొక్కాలి, కారణం ఎంచుకోవాలి. కారణాలు రెండే రెండు. 'మరణించారు', 'ఊరు మారారు'. ఖాళీగా వదిలితే ఒప్పుకోదు. పాత రోజుల్లో ఆ రెండూ సరిపోయేవి. ఆ రెండింటికి తప్ప మా క్లబ్బును వదిలినవాడు లేడు.

417 దగ్గర చాలాసేపు ఆగాను. చనిపోయారని రాయడానికి చెయ్యి రాలేదు. రెండోది నొక్కాను. మాస్టారికీ అదే, పోస్టుమాన్‌కూ అదే. ఆ తర్వాత చెయ్యి దానంతటదే పోయింది. మూడు వేల నూట పన్నెండు మంది.

వారం తర్వాత కమిటీ సమావేశంలో అధ్యక్షుడుగారు నా లెక్కను పైకి చదివారు. కళ్లజోడు తీసి అందరివైపూ బాధగా చూశారు.

"మూడు వేలమంది ఊరొదిలి వెళ్లిపోయారు. ఊరే ఖాళీ అవుతుంటే క్లబ్బు మాత్రం ఏం చేస్తుంది చెప్పండి?"

అందరూ తలలూపారు. ఒకాయన పక్క ఊళ్లలో పనులు దొరుకుతున్నాయట అన్నాడు. నేను నోరు తెరిచాను. తెరిచి, ఆ కాగితం మీద కింద నా సంతకం చూసి, మూశాను. తర్వాత స్టేడియం అద్దె ఒప్పందాన్ని ఇంకో అయిదేళ్లు పొడిగించారు.

ఇంటికొచ్చేసరికి, ఇంటి ముందుగదిలోనే ఉన్న మామయ్య దర్జీ కొట్టు ముందు బల్ల మీద ముగ్గురూ కూర్చుని ఉన్నారు. ఎడమ చివర పోస్టుమాన్, మధ్యలో మాస్టారు, పక్కన మామయ్య. ఎదురుగా పాత మైదానం గోడ, దానికి తాళం వేసిన గేటు. ముగ్గురూ అటే చూస్తున్నారు.

"ఏమ్మాయ్, మీటింగులో ఏమన్నారు?" అని అడిగాడు మామయ్య.

"ఏం లేదు, మామయ్యా," అని చెప్పులు విప్పి లోపలికెళ్లాను.