ఆరని జడ

నీలాటి రేవులో నిప్పు కడిగిందీ,
నిప్పు కడిగిన పిల్ల కొప్పు ముడిచిందీ,
కొప్పు ముడిచిన పిల్ల...

ఆ తరవాత ముక్క అమ్మణ్ణికి గుర్తొచ్చేది కాదు. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్ళో ఆడపిల్లలంతా చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడిన పాట అది. ఇప్పుడు పొయ్యి ముందు కూర్చుంటే దానంతటదే నోట్లోకి వచ్చి, అక్కడిదాకా నడిచి ఆగిపోయేది. ఆగిన చోట "ఊఁ ఊఁ" అనుకుంటూ రేకు తీసేది.

రేకంటే పూతరేకు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. పాలలా పల్చగా రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కాలిన కుండ మీద ఒక్క ఊపున లాగితే పిండి పొరలా అంటుకుని, కన్ను మూసి తెరిచేలోగా అంచులు లేపుతుంది. దాన్ని చిరక్కుండా తీయడమే విద్య. కాలవగట్టు వీధిలో ఆడవాళ్ళందరిదీ అదే పని. అందరిలోకీ అమ్మణ్ణి తీసిన రేకే పల్చన. ఆవిడ రేకు అడ్డం పెట్టుకున్నా ఎదుటి మనిషి ముక్కుపుడక రాయి రంగు చెప్పొచ్చనేవారు.

అంత పేరున్నా, రేకులు కొనడానికి రాజమండ్రి నుంచి వచ్చే మిఠాయి కొట్టాయన వ్యాను దిగగానే అమ్మణ్ణి గుమ్మంలోకి వచ్చేవాడు కాదు. ముందు పక్కింటికి వెళ్ళి, "దణ్ణమండీ రామతులసిగారూ, అంతా మీ చలవ" అని, ఆ తరవాతే ఇటు తిరిగేవాడు. సరిగ్గా అప్పుడే అమ్మణ్ణి చేతిలో రేకు చిరిగేది.

రామతులసి ఆమెకి తోడికోడలు, బావగారి భార్య. పెద్ద వరదలొచ్చిన ఏడు, గౌన్లు వేసుకునే వయసులో గోదాట్లో కొట్టుకుపోయి, దిగువ లంకలో రెల్లుదుబ్బు పట్టుకుని బతికింది. ఆనాడు తడిసిన జుట్టు మళ్ళీ ఆరలేదు. రోహిణి కార్తె ఎండల్లో కూడా జడ కొస నుంచి చుక్క తరవాత చుక్క కారుతూనే ఉండేది. పెళ్ళిచూపుల్లో చాప తడిసిపోతే మామగారు ఇంకో చాప వేయించి, "పిల్ల బాగుందండి" అన్నారు. జడ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆవిడ తిరిగిన పెరడంతా పొన్నగంటికూర మొలిచేది. అది దూసి వీధందరికీ పంచేది. పొయ్యి దగ్గరికి మాత్రం ఎవరూ రానిచ్చేవారు కాదు. కాలిన కుండ మీద ఆ జడ నుంచి ఒక్క చుక్క పడిందంటే కుండ ఫెటిల్లుమని పగిలేది. కాపరానికి వచ్చిన కొత్తలో అలా కుండలు పోయాక ఆవిడే రేకుల జోలికి రావడం మానేసింది.

తాటాకిళ్ళ వీధి. వేసంగిలో ఎవరిదో ఒకరి చూరు అంటుకోవడం మామూలే. అంటుకోగానే "అక్కా!" అనో "అత్తా!" అనో కేక. రామతులసి జడ విప్పుకుంటూ వెళ్ళి చూరు కింద నిలబడి తల ఒక్కసారి విసిరేది. మంట చుయ్యిమని అణిగేది. మళ్ళీ జడ అల్లుకుంటూ ఇంటికొచ్చేది. పట్నం నుంచి ఫైరింజను గంట కొట్టుకుంటూ వచ్చేసరికి వీధిలో అందరూ అన్నాలు తిని కునుకు తీస్తుండేవారు.

ఆ కేకే అమ్మణ్ణికి గుచ్చుకునేది. తన విద్య ఏళ్ళ తరబడి వేళ్ళు కాల్చుకుని నేర్చింది. ఆవిడేం చేసిందని? వరదలో కొట్టుకుపోయింది. అంతేగా!

తుఫాను కోనసీమ కొబ్బరిచెట్లలో సగం నేల కూల్చిన తరవాత ప్రతి గుమ్మం ముందూ ఎండుమట్టలు గుట్టలు పడ్డాయి. అవి చూసి భయపడి పెద్దిరాజుగారు మాఘమాసంలో ఒక ఇంజనుని రప్పించారు. ఆయన కొబ్బరితోటల రైతు, వీధికి పెద్ద. ఇంజనుతో పాటు ఉదయభాస్కర్ అనే కుర్ర సేల్స్‌మన్ కూడా వచ్చాడు, టై కట్టుకుని.

రెండు చక్రాల బండి మీద ఎర్రరంగు ఇంజను. ఒక గొట్టం కాలవలో పడేసి తాడు లాగాడు. గుర్రుమని, రెండో గొట్టం లోంచి నీళ్ళు కొబ్బరిచెట్టు మొవ్వుదాకా లేచాయి. పిల్లలు తడిసి గంతులేశారు. ఆడవాళ్ళు పమిటలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

నవ్వులయ్యాక సొసైటీ గోడౌను అరుగు మీద కూర్చున్నారు.

"ఇంటికెంత పడుద్దండి?" అంది తలుపులమ్మ. వీధి మొదట్లో ఇల్లు ఆమెది.

పెద్దిరాజుగారు చెప్పారు. ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కేసుకున్నారు. పెళ్ళిళ్ళ రోజుల్లో నడుం విరిగేలా తీసిన రేకుల డబ్బంతా పోసినా చాలదు.

"బాబోయ్! ఆ డబ్బెడితే ఇంటికి పెంకులేయించుకోవచ్చు కదండీ!"

"పెంకులేసేది నీ ఒక్కింటికే. ఇంజను వీధందరికీ."

"అయినా రామతులసిగారుండగా ఇంజనేంటండీ?" అన్నారెవరో. "ఆవిడకి డీజిలు కూడా అక్కర్లేదు!"

అందరూ గొల్లుమన్నారు. అమ్మణ్ణి లేచి నిలబడింది.

"ఎన్నాళ్ళండీ ఆవిణ్ణి తిప్పుతారు? మా అక్కకి మాత్రం వయసు రావట్లేదా? ఆ జుట్టు చూడండి, ఎలకతోకలా అయిపోయింది. రేపు పెద్ద మంటే లేస్తే ఆ నాలుగు చుక్కలకి ఆరుద్దా?"

"అబ్బో, అక్క మీద ఎంత ప్రేమే నీకు!" అంది తలుపులమ్మ, మూతి తిప్పుతూ.

రామతులసి లేచి ముందుకొచ్చింది. చెవుల దుద్దులు తీసి, తడి చేత్తోనే పెద్దిరాజుగారి కండువాలో పెట్టింది.

"అమ్మణ్ణి చెప్పింది నిజవేనండి. ఇవి నా వాటా."

"ఎంత మనసండీ మీది!" అన్నారు పెద్దిరాజుగారు. ఆయన కళ్ళు చెమర్చాయి. ఆడవాళ్ళు ఒక్కొక్కరే కొంగు ముళ్ళు విప్పారు. ఇంజను ఖాయమైపోయింది.

మాట తనది, మెప్పు ఆవిడది. అమ్మణ్ణి పళ్ళు బిగించి అటు తిరిగింది. ఎదురుగా కాలవ, గట్లు ఒరుసుకుంటూ నిండుగా పోతోంది. అప్పుడు తట్టింది ఆమెకి. వేసంగి రాగానే లాకులు మూసి కాలవ కట్టేస్తారు కదా. వీధి తగలబడేదీ అప్పుడేగా.

మాట నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే ఇంజను మానేస్తారు. మళ్ళీ "అక్కా!", మళ్ళీ "అంతా మీ చలవ." అమ్మణ్ణి ఆ మాట మింగేసింది. నిండుకాలవ కళ్ళముందుంటే ఎండుకాలవ ఎవరికి గుర్తొస్తుంది? ఇంజనుకి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గోడౌనులో నిలబెట్టారు. ఆ నెలంతా మిఠాయి కొట్టాయన కూడా ముందు ఇంజనునే చూసి వచ్చేవాడు. అమ్మణ్ణి రేకులు ఎన్నడూ లేనంత పల్చగా వచ్చాయి.

వేసవి ముదిరాక ఒక మిట్టమధ్యాహ్నం, తలుపులమ్మ పొయ్యిలోంచి లేచిన నిప్పురవ్వ మట్టల గుట్ట మీద పడింది. పడమటి గాలి దాన్ని ఎత్తుకుంది. "ఇంజను! ఇంజను!" అని అరిచారంతా. ఈసారి ఎవరూ "అక్కా" అనలేదు. బండి లాక్కొచ్చారు. పెద్దిరాజుగారు గొట్టం పట్టుకుని గట్టు దిగి, కాలవ అడుగున అలా నిలబడిపోయారు. పగుళ్ళిచ్చిన బురద. అందులో ఒక కొంగ ఎండుచేప కోసం పొడుచుకుంటోంది. పుట్టినప్పటి నుంచీ ప్రతి వేసంగీ చూస్తున్న కాలవని వీధంతా అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది.

"చెరువులో వేయండి!"

"చెరువు దాకా గొట్టం అందదండీ!"

చేతిపంపు కొట్టి కొట్టి బిందెలు మోశారు. తలుపులమ్మ ఇల్లు కూలింది. రామతులసి జడ విప్పుకుంటూ వచ్చి తల విసిరింది. మంట తల వంచినట్టే వంచి, మళ్ళీ లేచి పక్క చూరు అందుకుంది. ఆవిడ ఇంకోసారి విసిరింది. లాభం లేకపోయింది.

"అమ్మణ్ణీ, నీ పిండి గంగాళం పట్రావే!"

అమ్మణ్ణి పరిగెత్తింది. ఆ రోజు పిండంతా నేలపాలు చేసి గంగాళం తెచ్చి పెట్టింది. రామతులసి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని జుట్టంతా లోపలికి జారవిడిచింది.

"గొట్టం ఇందులో పెట్టి తాడు లాగండి పెద్దిరాజుగారూ."

ఇంజను గుర్రుమంది. గంగాళం నిండడం, ఇంజను పీల్చడం, మళ్ళీ నిండడం. మొదట మామూలు నీళ్ళే వచ్చాయి. తరవాత ఎర్రనీరు, వరదనీరు. దాంతో రెల్లుపూలు, బెత్తెడు చేపపిల్లలు ఎగిరి కాలుతున్న చూళ్ళ మీద పడ్డాయి. ఇంజను లాగుడికి ఆవిడ ముందుకి తూలిపోతుంటే అమ్మణ్ణి వెనక నుంచి గట్టిగా పట్టుకుంది. ఆ వీపు ఎంత చల్లగా ఉందో, ఇన్నేళ్ళూ ఆవిడ ఎంత చలిలో బతికిందో ఆమెకి అప్పుడు తెలిసింది.

తలుపులమ్మ ఇల్లూ, దాని పక్కిల్లూ పోయాయి. వీధి మిగిలింది.

రామతులసి తల ఎత్తేసరికి జుట్టు ఆరిపోయి ఉంది. నెరిసి, కొబ్బరిపీచులా తేలిగ్గా గాలికి లేచింది. ఆవిడ దాన్ని ముట్టుకుని చూసుకుని చిన్నపిల్లలా నవ్వింది.

ఆ తరవాత మంచం దిగలేదు, జ్వరం. అయినా ముఖంలో సంతోషమే. "ఆరిన తలగడ ఇంత బాగుంటదని ఎవరూ చెప్పలేదేంటే!" అనేది. అమ్మణ్ణి రోజూ పక్కన కూర్చుని, నూనె రాసి, చిక్కు తీసేది. ఒక సాయంత్రం ఉండబట్టలేక అనేసింది.

"అక్కా, కాలవ కట్టేస్తారని నాకా రోజే తట్టింది. చెప్పలేదు."

రామతులసి అంది, "నాకూ తట్టింది."

అమ్మణ్ణి దువ్వెన ఆగిపోయింది.

"ఇంజనొస్తే ఇంక నన్నెవరు పిలుస్తారని ముందు ఏడుపొచ్చిందే. కాలవ గుర్తొచ్చాక లోపల్లోపల సంబరం. ఎండాకాలం మళ్ళీ నా దగ్గరికే వస్తారని. ఆ దుద్దులు కూడా మంచిదాన్ననిపించుకోడానికే ఇచ్చాను. తలుపులమ్మ ఇల్లు మనిద్దరం కలిసే తగలెట్టాం."

ఇద్దరూ తలుపులమ్మ ఇంటి బూడిద వైపు చూస్తూ కూర్చున్నారు.

"నీకు తెలీదు గాని" అంది రామతులసి, "నువ్వు రేకు తీస్తుంటే ఆ దడి సందులోంచి రోజూ చూసేదాన్ని. ఆ చేతులు చూసి నా ఒళ్ళు కుతకుతలాడేది. ఒక్క రేకు, ఒక్కటంటే ఒక్కటి తీయనివ్వవే."

అమ్మణ్ణి ఆవిణ్ణి చంటిపిల్లలా ఎత్తుకొచ్చి తన పీట మీద కూర్చోబెట్టింది. పొయ్యి రాజేసి, చెయ్యి మీద చెయ్యేసి గుడ్డ లాగించింది. రేకు వచ్చింది. మందంగా, ఓ పక్క చిరిగి, చెవిలాగా. రామతులసి దాన్ని దీపానికి అడ్డం పెట్టి చూసుకుంది. నెయ్యి లేకుండా, పంచదార లేకుండా, అలాగే తినేసింది.

"కొప్పు ముడిచిన పిల్ల... తరవాతేంటక్కా?" అంది అమ్మణ్ణి.

"మా లంకలోనూ అక్కడిదాకే పాడేవాళ్ళమే."

మర్నాడు పొద్దున్న ఆవిడ లేవలేదు. ఆరిన తలగడ మీద ఆరిన జుట్టు పరుచుకుని పడుకున్నట్టే ఉంది. అంతకుముందు సాయంత్రం, పీట మీంచి లేపుతుంటే, అమ్మణ్ణి భుజం మీంచి ముందుకి జారిన జడ రామతులసి చేతికి తగిలింది. కొస పట్టుకుని మెల్లిగా పిండింది. ఒక చుక్క పొయ్యి గట్టు మీద పడి చుయ్యిమంది. వాన లేదే, కప్పు కారిందా అని అమ్మణ్ణి తలెత్తి చూసింది. రామతులసి ఆ జడని జాగ్రత్తగా ఆమె వీపు మీదకి తోసి అంది:

"రేపట్నుంచి జడ ఇలా ముందుకి పడనీకే అమ్మణ్ణీ. కుండ పగిలిపోద్ది."