మూల తిరిగినాక ఎత్తుకున్న పాట

ఆదోనిలో చోటే సాబ్ బ్యాండు తెలియనోళ్లంటే పెండ్లే చేసుకోనోళ్లు అయ్యుండాల. పెద్దకడుబూరు నుంచి నందవరం దాకా ఆ ఎర్ర కోట్లు, జరీ టోపీలు కనబడితే సాలు, నడుం నొప్పని మంచం దిగని ముసలోళ్లు గూడా వాకిట్లోకొచ్చి నిలబడతారు. ఆ చోటే సాబ్ మనవడే మన సాజిద్. తాతది క్లారినెట్టు, మనవడిది సాక్సాఫోను. సన్నప్పుడు దాన్ని మెడకు తగిలించుకొని పెండ్లి ఊరేగింపు మెరవణిలో నడుస్తాంటే, వాడు దాన్ని మోస్తాండాడో, అది వాన్ని మోస్తాందో తెలిసేది కాదు.

అట్లాంటోడు పోయి జాజ్‌లో పడినాడు. యాడ పడినాడంటే, ఫోన్లో. ఏందప్పా ఆ జాజ్ అంటారేమో. ఒక పాట పట్టుకుంటారు, దాన్ని విప్పుతారు, ఎవురికి తోచినట్టు వాళ్లు దాంతో ఆడుకుంటారు, కడకు అందరూ కలిసి మళ్లా మొదటికొస్తారు. కొత్తగా వినేటోనికి ఎవురో కొట్లాడుకుంటాండారు అనిపిస్తాది. ఇంగోసారి వింటే తెలుస్తాది, అది కొట్లాట కాదు, బాగా తెలిసినోళ్లు కూర్చొని ఒకరి మాట ఒకరు అందుకుంటా మాట్లాడుకునేది. సాజిద్‌కు ఆ మాటలు శానా నచ్చినాయి. నచ్చి బెంగళూరు పోయినాడు. పగలు ఒక అంగట్లో చెడిపోయిన వాయిద్యాలు బాగు చేస్తాడు, సాయంత్రమైతే శ్రీహర్షతోనూ ఇంగో ఇద్దరితోనూ కలిసి వాయిస్తాడు. శ్రీహర్షది మంత్రాలయం. వాళ్ల నాయన పట్టుబట్టి మృదంగం నేర్పిస్తే, ఆ పుణ్యాత్ముడు పోయి డ్రమ్ముల ముందర కూర్చున్నాడు. ఇద్దరికీ బాగా కుదిరింది.

ఈ నలుగురిని ఒక హాలోళ్లు పిలిచినారు. "వేరేవాళ్ల పాటలు వాయించేటోళ్లు మాకు శానామంది ఉండారు. మీలో ఒక్కొక్కరూ ఒక సొంత పాట వాయించండి. బాగుంటే నెలనెలా ఒక సాయంత్రం మీదే" అన్నారు. శ్రీహర్ష ఒక పాట కట్టినాడు. మిగిలిన ఇద్దరూ కట్టినారు. సాజిద్ దగ్గర గాలి తప్ప ఏమీ లేదు.

అదొక్కటే అయితే ఎట్లనో సర్దుకుండేవాడేమో. ఫోన్లో తాతకు చెప్పినాడు: "దాదా, ఈసారి నువ్వొచ్చి వినాల." చోటే సాబ్ ఎన్నడూ మనవడు జాజ్ ఊదేది వినేదానికి పోలేదు. "నీ పాట ఒకటి ఉంటే వస్తా బేటా. ఊరోళ్ల పాట వినేదానికి బెంగళూరు దాకా ఎందుకు, ఈడ మనింట్లో రేడియో లేదా?" అనేసినాడు ముసలాయన. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నాడు. మామూలుగా అన్న మాటే ముల్లు మాదిరి దిగుతాది కదా. హాలు పోతే ఇంగో హాలు. తాత రాకపోతే ఇంగో తాత యాడ దొరుకుతాడు?

అందుకే లీవు పెట్టి ఆదోని వచ్చినాడు. సొంతూర్లో కూర్చుంటే పాట దానంతట అదే వస్తాదని వాని నమ్మకం. పత్తి మార్కెట్టుకు పోయి వేలం కేకలు విన్నాడు. పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు గోడ కాడ నిలబడి మర సప్పుడు విన్నాడు. స్టేషన్లో కూర్చొని రైలు విన్నాడు. అన్నీ మోసుకొచ్చి మేడ మీద ఊదినాడు. మార్కెట్టు ఊదితే అచ్చం మార్కెట్టు మాదిరే వచ్చింది, పాట మాదిరి రాలేదు. రైలు ఊదిన దినం అవ్వ కుల్సుంబీ మెట్ల కాడికొచ్చి కేకేసింది.

"ఏం సాజిదూ, ఆ రైలు కదుల్తాదా లేదా? పొద్దున్నుంచి స్టేషన్లోనే ఉండాది!"

ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు సాజిద్ సాక్సాఫోను మూతికి బిగించే పుల్ల మార్చినాడు, ఎండను తిట్టినాడు, పక్కింటి మిక్సీని తిట్టినాడు. పాట మాత్రం రాలేదు. అన్నం గూడా సగం తిని లేస్తాంటే కుల్సుంబీకి మనసు కలుక్కుమనింది.

అప్పుడే చోటే సాబ్‌కు కట్టుడు పండ్లు పెట్టినారు. కొత్త పండ్లతో మాటే సరిగ్గా రాదు, క్లారినెట్టు యాడ ఊదుతాడు? ఎమ్మిగనూరులో నేతపని చేసే దుర్గప్ప కొడుకు పెండ్లికి బ్యాండు ఒప్పుకొని ఉండాడు. "నేను వట్టిగా నడుస్తా. ముందు నువ్వు నిలబడి ఎత్తుకో" అన్నాడు మనవడితో. సాజిద్‌కు ఇష్టం లేదు. తన పాటే దొరక్క సస్తాంటే పెండ్లి పాటలు ఊదాల్నా అనుకున్నాడు. కానీ పండ్లు కుదరని తాతకు కాదని యా నోటితో సెప్తాడు?

పొద్దున్నే ఎమ్మిగనూరులో మెరవణి కదిలింది. పెండ్లికొడుకు పూలు కట్టిన కార్లో, ముందర ఎర్ర కోట్లు, అందరికంటే ముందర సాజిద్, వాని పక్కన చేతులు ఊపుకుంటా చోటే సాబ్. ఎత్తుకున్నది పాత పెండ్లి పాట. డోలు బసవన్నది. ఆయప్ప డోలు కొడితే వద్దన్నా కాళ్లు కదుల్తాయి. నేతగాళ్ల వీధిలోకి తిరిగినారు. ఇంటింటా మగ్గాలు ఆడతాండాయి, టకటకమని డోలుతో పోటీ పెట్టుకున్నట్టు. సాజిద్ గూడా కొంచెం హుషారైనాడు.

వీధి మధ్యలో చోటే సాబ్ చెయ్యి పైకెత్తినాడు.

అంతే, బాజా నిలిచిపోయింది. ఎందుకో ఎవురికీ సెప్పాల్సిన పని లేదు. ముందర ఒక ఇంట్లో మగ్గం ఆడటం లేదు, వాకిట్లో నాలుగు కుర్చీలు వేసుండారు. జయరాం అనే నేతగాడు పోయి మూడు దినాలైందంట. సావింటి ముందర చోటే సాబ్ బ్యాండు మోగదు, అది వాళ్ల తాతల కాలం నుంచి ఉండే పద్ధతి. వాయిద్యాలు గుండెకు ఆనించుకొని, తలలు వంచుకొని నడిచినారు. పెండ్లోళ్లు గూడా మాట్లాడలేదు. చెప్పుల సప్పుడు, ఆడోళ్ల గాజుల సప్పుడు, వెనక కారు ముక్కుతా వచ్చే సప్పుడు, అంతే.

సాజిద్ కాళ్లు నడుస్తాండాయి గానీ మనసు బెంగళూరులో ఉండాది. హాలోళ్లు సెప్పిన ఆదివారం నాడు ఏం ఊదాల, ఏం మొగం పెట్టుకొని నిలబడాల అని.

మూల తిరిగినారు. ఇంగ ఎత్తుకోవాల. ముందు నడిచేటోడే ఎత్తుకోవాల. సాజిద్ గాలి పీల్చి, పాట యాడ నిలిచిందో సరిగ్గా ఆడ్నుంచే ఎత్తుకున్నాడు.

ఓయబ్బ, ఆ గోల ఏం సెప్పేది! వాడు పల్లవిలో ఉండాడు, వెనకున్నోళ్లంతా ఒక్క గుంపుగా రెండో చరణంలో దిగినారు. ఒక బండికి ముందొక ఎద్దు, వెనకొక ఎద్దు కట్టినట్టయింది. పెండ్లికొడుకు కార్లో నుంచి తల బయటికి పెట్టినాడు. "ఏమైందప్పా, బ్యాండుకు పూనకం వచ్చిందా?" అని దుర్గప్ప పరిగెత్తుకొచ్చినాడు. సాజిద్ చెవులు కోటు రంగుకు తిరిగినాయి. ఊదడం ఆపి, వెతుక్కోని వెతుక్కోని చరణం పట్టుకున్నాడు.

"మేమంతా నడుచుకుంటా వచ్చేస్తిమి, నువ్వు జయరాం ఇంటి కాడ్నే నిలబడిపోతివా సాజిదూ?" అని డోలు కొడతానే నగినాడు బసవన్న.

మెరవణి అయినాక బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టినారు. బసవన్న వాళ్లు ఇంగా నగుతానే ఉండారు. సాజిద్ తాత పక్కన వచ్చి కూర్చున్నాడు.

"దాదా, ఎన్ని పెండ్లిండ్లు తిరగలేదు నేను? ఎప్పుడూ తప్పలేదే!"

"ఎప్పుడూ నువ్వు నా పక్కన ఒక అడుగు వెనక నడిస్తివి. నా వేళ్లు సూసి ఊదితివి. ఈ దినం ముందర నడిస్తివి, అందుకే తెలిసింది" అన్నాడు చోటే సాబ్. కొత్త పండ్లకు బజ్జీ లొంగక దాన్ని తుంచి ఉగ్గానిలో కలుపుకుంటా ఉండాడు. "పెండ్లి పాట మధ్యలో తెగగూడదు, పెండ్లోళ్లకు మంచిది కాదు. సావింటి ముందర బాజా మోగగూడదు, అది మనిషన్నోనికి మంచిది కాదు. రెండూ నిలవాలంటే ఏం సేయాల? సప్పుడు ఆపాల, పాట ఆపగూడదు. లోపల పోతానే ఉండాల. మూల తిరిగేసరికి అది యాడికి పోయుంటాదో ఆడ ఎత్తుకోవాల."

"అది తెలుసు దాదా."

"తెలిసేది వేరే. మా అబ్బా, మీ ముత్తాత, పోయిన దినం మన వీధిలోనే పెండ్లి వచ్చింది. బ్యాండు మాదే. నేను అబ్బా పక్కన కూర్చుండా. వీధి మొగదాల పాట వినబడింది, మనింటి ముందరికొస్తానే నిలిచింది. వట్టి అడుగుల సప్పుడు. సూసుకుంటే నా వేళ్లు తొడ మీద ఆ పాట వాయిస్తాండాయి, నాకు తెలీకుండానే. మూల తిరిగి ఎత్తుకున్నారు సూడు, నా వేలు యాడుందో సరిగ్గా ఆడ్నే ఎత్తుకున్నారు. అంతదాకా నాకు ఏడుపు రాలేదు బేటా. అప్పుడు ఏడ్చినా. మా అబ్బా పోయినాడు గానీ ఆయన పాట తెగలేదు కదా అని ఏడ్చినా."

సాజిద్ చేతిలో ఉగ్గాని అట్లే ఉండిపోయింది. తాతను ఎన్నో పెండ్లిండ్లలో సూసినాడు గానీ, ఏడ్చిన తాతను ఆ పొద్దే, ఆయన మాటల్లో సూసినాడు.

ఆ మరుదినం నుంచి మేడ మీద సప్పుడు మారింది. మార్కెట్టు పోయింది, రైలు కదిలిపోయింది. అడుగున మగ్గం నడక మాదిరి ఒక నడక పెట్టినాడు, దాని మీద ఒక పాట, సంతోషంగా, వీధిలో అందరినీ పలకరించుకుంటా పోయే పాట. పోయి పోయి అది నిలిచిపోతాది. నిలిచినంతసేపూ సాజిద్ మేడ మీద ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తాడు, ఉన్నట్టుండి ఇంగో చోట ఎత్తుకుంటాడు. పాట అదే, కానీ మూల తిరిగి వచ్చిన పాట.

"ఊదేది తక్కువ, తిరిగేది ఎక్కువయింది" అని కుల్సుంబీ గొణిగింది. అయినా మనవడు అన్నం తినబట్టినాడని ఆమెకు నిమ్మళమైంది. చోటే సాబ్ కింద నడవలో మంచం మీద, మొగం మీద తువ్వాల కప్పుకొని గురకపెడతా ఉండాడు.

బెంగళూరు పోయినాక శ్రీహర్ష అడిగినాడు: "ఆ నిశ్శబ్దం ఎంతసేపురా? ఎన్ని తాళాలు లెక్కపెట్టాల?"

"లెక్క పెట్టగూడదు. నడవాల" అన్నాడు సాజిద్. నలుగురినీ గదిలో వరసగా నడిపించినాడు. కింద కాపురముండే ఇంటాయన పైకొచ్చి, వీళ్లు మాటా పలుకూ లేకుండా గుండ్రంగా తిరిగేది సూసి, ఏమీ అడక్కుండానే దిగిపోయినాడు. కడకు నలుగురూ ఒక్కచోటనే ఎత్తుకోబట్టినారు.

ఆ ఆదివారం సాయంత్రం చోటే సాబ్ హాలుకొచ్చినాడు. ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ, పక్కన కుల్సుంబీ, ఆమె వొళ్లో సజ్జ రొట్టెల మూట. ముందు వరసలో కూర్చోబెట్టినారు. "నీ పాట ఉందన్నావు కదా, అందుకే వచ్చినా" అన్నాడు, అంతే.

సాజిద్ వంతు వచ్చింది. పాట బాగా నడిచింది. శ్రీహర్ష కర్రలు ఎమ్మిగనూరు మగ్గాల మాదిరి ఆడినాయి, జనం తలలు ఊగినాయి. పాట నిలిచే చోటికొచ్చింది. నలుగురూ నిలిపినారు. హాలంతా గమ్మునయింది.

వెనక ఎవురో పాట అయిపోయిందనుకొని చప్పట్లు కొట్టినాడు. ఒకడు కొడితే ఊరుకుంటారా? హాలు హాలంతా కొట్టింది. ఆ సప్పుడు వచ్చి సాజిద్ తలలో నడుస్తాండే పాట మీద పడింది. పాట యాడుందో తెలీకుండా పోయింది. శ్రీహర్ష కర్రలు పైకెత్తి, కండ్లు పెద్దవి చేసి వీని పక్కే సూస్తాండాడు. ఎత్తుకోవాల్సింది ముందు నిలబడినోడే. సాజిద్ జయరాం ఇంటి ముందర నిలబడినట్టే నిలబడిపోయినాడు.

అప్పుడు సూసినాడు. ముందు వరసలో చోటే సాబ్ చప్పట్లు కొట్టడం లేదు. తల వంచుకొని కూర్చుండాడు. చెయ్యి తొడ మీద ఉండాది. వేళ్లు ఆడతాండాయి.

అవి పెండ్లి పాట వాయించడం లేదు. సాజిద్ పాట వాయిస్తాండాయి. చూపుడు వేలు లేచింది, ఉంగరపు వేలు దిగింది, రెండో చరణం ముందర సన్నగా మెలిక తిరిగే చోటు అది. సాజిద్ గాలి పీల్చినాడు. తాత వేలు యాడుందో సరిగ్గా ఆడ్నే ఎత్తుకున్నాడు. వాని ఎనకనే ముగ్గురూ దిగినారు, చప్పట్లు మధ్యలోనే ఆగిపోయినాయి. ఊదుతాండే వాని కండ్లల్లో నీళ్లు తిరిగినాయి గానీ, నోట్లో సాక్సాఫోను ఉంటే ఏడ్చేదానికి యాడ కుదురుతాది?

పాట అయినాక హాలోళ్లు మంచి మాటే సెప్పినారు. సాజిద్ అది సగమే విన్నాడు. బయట మెట్ల మీద కూర్చొని కుల్సుంబీ రొట్టెలు విప్పింది.

"దాదా, నా పాట నువ్వెప్పుడు నేర్చుకుంటివి? ఎప్పుడు సూసినా గురకపెడతా ఉంటివి కదా!"

"మేడ మీద అన్నేసి దినాలు ఊదితే కింద పండుకున్నోనికి చెవులుండవా?" అన్నాడు చోటే సాబ్.

"గురక గూడా తాళానికే పెట్టినాడు, నేను సూడలేదా" అంది కుల్సుంబీ.

ముసలాయన రొట్టె మెత్తగా నలిపి నోట్లో పెట్టుకున్నాడు. కొత్త పండ్లతో నిదానంగా నమిలినాడు. తాత ఇంగేమన్నా అంటాడేమోనని సాజిద్ ఎదురుసూస్తా కూర్చున్నాడు.

"వచ్చే శుక్రవారం నందవరంలో పెండ్లి ఉండాది" అన్నాడు చోటే సాబ్. "ఒక దినం ముందే రా. బసవన్నకు, మనోళ్లకు ఈ పాట నేర్పాల."